కాలివేళ్ల వైపు చూసే మనిషి

నరసరావుపేట ప్రకాష్‌నగర్‌లో ఒక మేడ మీద ప్రేమకుమారి బ్యూటీ పార్లర్ ఉంది. నా మడమలు పగిలి నెత్తురొచ్చిన ఏడాది, మందుల షాపతను చెప్తే మొదటిసారి ఆ మెట్లెక్కాను. ఆరేళ్లుగా నెలకోసారి వెళ్తున్నాను. ఆమె నా పాదాల్ని గోరువెచ్చని నీళ్లలో పెట్టించి, ఎదురుగా పీట వేసుకుని, రాయితో రుద్దుతూ తన సంగతులు చెప్పేది. ఇక్కడ రాసేవి చాలావరకు అలా విన్నవే. కొన్ని చూసినవి.

నలభై ఏడేళ్ల మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఒకచోట నిలవదు. చేతిలో పని లేకపోతే దువ్వెనలు కడుగుతుంది, కడిగినవాటినే మళ్లీ కడుగుతుంది.

పని చేసేటప్పుడు ఎదుటివాళ్ల మొహం చెప్పేది ఆమె నమ్మదు. నొప్పిగా ఉందా అని అడిగితే మన ఆడవాళ్లు పర్లేదంటారు. ఆవిరి చెంపల్ని కాలుస్తున్నా పర్లేదంటారు, వ్యాక్స్ పట్టీ చర్మాన్ని లేపుకొస్తున్నా పర్లేదంటారు. డబ్బులిచ్చి చేయించుకుంటూ కూడా ఎదుటిమనిషిని ఇబ్బంది పెట్టకూడదనుకుంటారు. అందుకని ఆమె అడగడం మానేసింది. బల్ల మీద పడుకోబెట్టి మెడ దాకా దుప్పటి కప్పినా పాదాలు మాత్రం బయటే ఉంచుతుంది. బొటనవేలు పైకి లేచిందంటే వేడి ఎక్కువైనట్టు. వేళ్లన్నీ ముడుచుకుంటే నొప్పి. పాదాలు రెండూ చెరో పక్కకి వాలిపోతే ఆ మనిషి నిద్రపోతున్నట్టు. ఒక పాదం మీద ఇంకో పాదం వేసుకుని రుద్దుకుంటుంటే, ఏదో అడగాలని ఉంది, నోరు రావడం లేదన్నట్టు.

ఒకసారి హైస్కూలు టీచరమ్మ ఒకామె జుట్టు కత్తిరించుకోవడానికొచ్చి బొటనవేళ్లు పిడికిట్లో దాచుకుని కూర్చుందట. ప్రేమకుమారి తలుపు గడియ పెట్టి, ఫ్యాను తిప్పి, ఏమీ అడక్కుండా అరగంట సేపు ఊరికే తల దువ్వింది. ఆ అరగంటా టీచరమ్మ ఏడ్చింది. లేచి డబ్బులిచ్చి వెళ్లిపోయింది. ఎందుకేడ్చిందో ప్రేమకుమారికి ఇప్పటికీ తెలియదు. తెలియకపోవడమే మంచిదంటుంది.

ఈ చూపు బ్యూటీషియన్ కోర్సులో నేర్చుకున్నది కాదు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర, తల్లి ఆరోగ్యమ్మ పక్కన నిలబడి నేర్చుకున్నది. బట్టీల్లో తట్టలు మోసే ఆడవాళ్లు సున్నపు పొడికి ముక్కూ నోరూ గుడ్డతో బిగించి కట్టుకునేవాళ్లు. మొహాలన్నీ ఒకటే తెలుపు. ఎవరు అలిసిపోయారో, ఎవరికి కళ్లు తిరుగుతున్నాయో మొహం చూసి చెప్పడం ఎవరి వల్లా అయ్యేది కాదు. ముందు నడిచే మనిషి రాళ్ల తట్ట వదిలేస్తే వెనకామె కాలు నుజ్జవుతుంది. అందుకని ఆరోగ్యమ్మ కూతురికి మొదటి రోజే చెప్పింది.

"మొహం చూడబాక. మొహాన సున్నముంటది. కాళ్లు చూడు."

రమణమ్మ సంగతి పోయినేడు శ్రావణంలో జరిగింది. పెద్ద బజారులో స్టీలు సామాన్ల కొట్టు వెంకటసుబ్బయ్యగారి భార్య ఆమె. యాభై ఎనిమిదేళ్లు. పద్నాలుగేళ్లుగా పదిహేను రోజులకోసారి వచ్చి కనుబొమలు తీయించుకునేది. గట్టిగా మాట్లాడి, గట్టిగా నవ్వి, అందరినీ ఏమే అని పిలిచే మనిషి. బజారులోని కోమటి ఇళ్ల ఆడవాళ్లు సగం మంది ఈ మెట్లెక్కారంటే ఆమె చెప్పబట్టే. ఆ శ్రావణం ఆఖర్న ఆమె చిన్నకూతురు సాయిసాత్విక పెళ్లి. పెళ్లికూతుర్ని ముస్తాబు చేసే పని ప్రేమకుమారికే చెప్పారు. అంత పెద్ద పెళ్లి పని ఆమెకు అదే మొదటిసారి.

దారంతో కనుబొమలు తీసేటప్పుడు కుర్చీలో కూర్చున్నవాళ్లకీ పని ఉంటుంది. ఒక చేత్తో బొమ పైన, ఇంకో చేత్తో రెప్ప మీద చర్మాన్ని తామే లాగి పట్టుకోవాలి. ఆ పట్టు వదులైతే దారం వెంట్రుకకి బదులు చర్మాన్ని పట్టుకుంటుంది. పద్నాలుగేళ్లలో రమణమ్మ పట్టు ఒక్కసారి వదులు కాలేదు. శ్రావణం మొదట్లో ఆమె ఎడమచెయ్యి జారింది. చర్మం తెగి చిన్న నెత్తురుబొట్టు కనపడింది. ప్రేమకుమారి కంగారుపడుతుంటే రమణమ్మ నవ్వేసి, పెళ్లి షాపింగుతో ఒళ్లు హూనమైందనీ, నెల నుంచీ ఒకటే తలనొప్పనీ చెప్పి వెళ్లిపోయింది.

ఆ నెత్తురుబొట్టు ప్రేమకుమారి మనసులో నిలిచిపోయింది. ఎవరి చెయ్యీ ఊరికే జారదని ఆమె నమ్మకం. అప్పటికి మెయిన్ రోడ్డులో ఏసీలు పెట్టి ఒక స్పా తెరిచారు. రమణమ్మ కోడలు హరిత అక్కడికి వెళ్తోందని ఆమెకు తెలుసు. రెండూ కలిపి చూసుకుంది. రమణమ్మకి తన మీద మనసు విరిగింది, పెళ్లి పని ఆ స్పావాళ్లకి ఇవ్వాలనుకుంటోంది, మొహమాటానికి చెప్పలేకపోతోంది. ఈ లెక్క కుదిరాక ఇక నిలవలేకపోయింది. బల్ల మీద దుప్పటి మార్చింది. గోడలకి రంగు వేయించింది. ఎవరికి పని చేస్తున్నా మధ్యలో ఆగిపోయి, వీధిలో ఆటో చప్పుడైతే కిటికీలోంచి చూసి వచ్చేది.

రెండు వారాలకి, ఒక సోమవారం, రమణమ్మ ఫేషియల్‌కి వచ్చింది. ఆ వెంటనే నా వంతు. నేను తెరకి ఇవతల, పాదాలు నీళ్లలో పెట్టుకుని కూర్చుని ఉన్నాను. తెర పక్క నుంచి రమణమ్మ పాదాలు కనపడుతున్నాయి. వేడి ఆవిరి పెట్టినప్పుడు కుడికాలి బొటనవేలు పైకి లేచింది. ఎడమది లేవలేదు. ముక్కు మీద బ్లాక్‌హెడ్స్ గిల్లి తీస్తున్నప్పుడు కుడి వేళ్లు ముడుచుకున్నాయి. ఎడమకాలు ఎవరిదో అన్నట్టు పడి ఉంది. రమణమ్మ లేచి చీర సర్దుకుంటుంటే ప్రేమకుమారి నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అంది.

"చూశారా మేడం? సగం మనసుతో పడుకుంది."

నేనూ తలూపాను. నేను చదివిన పుస్తకాలు కూడా ఆ క్షణాన నాకు ఇంకో దారి చూపించలేదు.

రమణమ్మ చెప్పులు వేసుకుని మెట్లు దిగింది. ప్రేమకుమారి వెనకే సాగనంపడానికి వెళ్లింది. మూడో మెట్టు మీద ఎడమకాలి చెప్పు జారిపోయింది. రమణమ్మ ఆగలేదు. మిగిలిన మెట్లు దిగి, వీధిలోకి నడిచి, ఉత్త పాదం ఒకటి, చెప్పు పాదం ఒకటి వేసుకుంటూ ఆటో ఎక్కబోయింది. అక్కా, చెప్పు అని ప్రేమకుమారి పిలిస్తే అప్పుడు వంగి చూసుకుంది. కొత్తవి కదే, వదులు, అని నవ్వింది.

ప్రేమకుమారి చెప్పు తీసుకెళ్లి ఆమె కాలికి తొడిగి పైకొచ్చింది. కుర్చీలో కూర్చుంది. నా పాదాలు నీళ్లలో నాని నాని చల్లబడ్డాయి. ఆమె రాయి పట్టుకోలేదు. చాలాసేపటికి తల్లి గురించి మాట్లాడింది. అంతకుముందు ఎప్పుడూ చెప్పని సంగతి.

ప్రేమకుమారికి పదిహేడేళ్లప్పుడు, బట్టీ నుంచి ఇంటికొచ్చే దారిలో ఆరోగ్యమ్మ ఎడమ చెప్పు తరచూ జారిపోయేది. పది రోజులు అలా జారింది. ప్రతిసారీ కూతురే వెనక్కి వెళ్లి తెచ్చేది. నడవడం చేతకాదా, మనసు యాడ పెట్టుకుని నడుస్తావు అని తిట్టేది. చివరికి చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్లి మడమ వెనక పట్టీ వేయించింది. ఆ తర్వాత చెప్పు జారలేదు. నాలుగో రోజు తట్ట నెత్తిన ఉండగా ఆరోగ్యమ్మే పడిపోయింది. ఎడమ పక్క చచ్చుబడిపోయింది. పదకొండు నెలలు మంచంలో ఉండి పోయింది. ఒళ్లు తుడవడం, తల దువ్వడం, గోళ్లు తీయడం అన్నీ కూతురు ఆ మంచం దగ్గరే నేర్చుకుంది.

"పట్టీ ఏయించానండీ" అంది ప్రేమకుమారి. "కాలు చూడమన్న మనిషి కాలు చూడకుండా చెప్పుకి పట్టీ ఏయించా."

అప్పుడు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. ఆషాఢంలో తలకి నూనె పెట్టేటప్పుడు రమణమ్మ ఒకచోట చెయ్యి పడగానే తల పక్కకి లాక్కుంది. మధ్యాహ్నం కొట్టు షట్టరు సగం దించి ఉంటే వంగి దూరబోయి తల కొట్టుకున్నానని చెప్పింది. బొప్పి తగ్గిందని ఇద్దరూ మరిచిపోయారు. ఆ తర్వాతే తలనొప్పి మొదలైంది. చెయ్యి, కాలివేళ్లు, చెప్పు దాని వెనకే వచ్చాయి.

చెప్పడం ఎలా? గురువారం రాట. పెళ్లింటి ముందు పందిరి రాట వేశాక ఆ ఇంటివాళ్లు పెళ్లయ్యే దాకా ఊరి పొలిమేర దాటరు, ఆసుపత్రి గడప తొక్కరు. వాళ్ల ఇంట్లో అదొక పట్టింపు. ఈలోగా రోగం మాటెత్తితే నోటి నుంచి అశుభం పలికిందంటారు. ఎత్తకపోతే పెళ్లికి ఇంకా పన్నెండు రోజులు. పైగా తను డాక్టరు కాదు. ఇందాకటి దాకా ఆ చేతిని అలకనుకున్న మనిషి. ఆ లెక్క తప్పయినట్టే ఇదీ తప్పయితే?

ఆ సాయంత్రం ఆమె బజారుకి మూడుసార్లు వెళ్లింది. మొదటిసారి కొట్టు ముందునుంచి నడిచిపోయింది. రెండోసారి గిన్నె బేరం చేసి కొనకుండా వచ్చింది. మూడోసారి సందు మలుపు నుంచే తిరిగొచ్చింది. ఆటో నడిపే భర్త యల్లమందకి చెప్తే, అందరి కాళ్లూ నీకెందుకే, నువ్వు పార్లరు పెట్టావా పోలీస్ స్టేషన్ పెట్టావా అన్నాడట. రేపు దించాలా అక్కడ, అని కూడా అడిగాడట.

మంగళవారం మధ్యాహ్నం ఆమె ముస్తాబు పెట్టె పట్టుకుని వాళ్లింటికి వెళ్లింది. పెళ్లికూతురి చేతులు చూసి గోరింటాకు డిజైన్ ఎంచుకోవాలని చెప్పింది. వెంకటసుబ్బయ్యగారు భోజనానికొచ్చి సోఫాలో కూర్చుని ఉన్నారు. సాత్వికనీ, హరితనీ, రమణమ్మనీ వరసగా కూర్చోబెట్టింది. అరచేతులు పైకి పెట్టి రెండు చేతులూ ముందుకు చాపమంది. కళ్లు మూసుకోవాలి, నేను చెప్పేదాకా తెరవకూడదు అంది. చెయ్యి ఎంత నిలకడగా ఉంటే డిజైన్ అంత సన్నగా పడుతుందని ఏదో కల్పించింది. ఆడపిల్లలిద్దరూ నవ్వుతూ కళ్లు మూసుకున్నారు.

ఆమె మనసులో అంకెలు లెక్కపెట్టింది. అయిదు దాకా అందరి చేతులూ సమానంగానే ఉన్నాయి. ఆ తర్వాత రమణమ్మ ఎడమ అరచెయ్యి మెల్లగా లోపలికి తిరిగింది. తిరిగి, కిందికి దిగడం మొదలుపెట్టింది. గాజులు ఒక్కొక్కటీ మణికట్టు మీదికి జారాయి. పన్నెండు దగ్గర ఆ చెయ్యి ఒళ్లో వాలింది. కుడిచెయ్యి చాపినచోటే ఉంది.

"ఎంతసేపే" అంది రమణమ్మ, కళ్లు మూసుకునే. "రెండు చేతులూ లాగుతున్నయ్."

హరిత కళ్లు తెరిచి పక్కకి చూసింది. అత్తగారి ఒళ్లో ఉన్న చేతిని చూసి, ఆమె మొహం చూసి, మామగారి వైపు చూసింది. ఆయన అప్పటికే సోఫాలో ముందుకి వంగి ఉన్నారు. రమణమ్మ కళ్లు తెరిచింది. తన చేతిని ఎవరో తెచ్చి అక్కడ పెట్టినట్టు చూసుకుంది.

ప్రేమకుమారి షట్టరు దెబ్బ దగ్గర్నుంచి చెప్పు దాకా మొత్తం చెప్పింది. గుంటూరు తీసుకెళ్లి తలకి స్కాన్ చేయించమంది. రమణమ్మే ముందు అడ్డం వచ్చింది. నాకేమీ లేదు, చెయ్యి తిమ్మిరెక్కింది, అంతే అంది. వెంకటసుబ్బయ్యగారు ఎల్లుండి రాట పెట్టుకుని ఈ మాటలేంది అన్నారు. పెళ్లి కానీ, అన్నీ చూపించుకుందాం అన్నారు. ఆయన గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ ఉందని ఆమె నాతో చెప్పింది. కుడి మోకాలు ఆగకుండా కదులుతూనే ఉందట.

అప్పుడు ప్రేమకుమారి ఆ ఇంట్లో అనకూడని మాట అంది.

"మా అమ్మక్కూడా చెప్పే జారింది అన్నయ్యగారూ. పది రోజులు జారింది. నేను తిట్టుకుంటా తెచ్చిచ్చా. పదకొండు నెలలు మంచంలో పడి చచ్చిపోయింది. పెళ్లి దాకా ఆగితే చెయ్యి దాటిపోద్ది."

వెంకటసుబ్బయ్యగారు లేచి నిలబడ్డారు.

"చాలమ్మా. లే ఇంక" అన్నారు. "పిల్లకి పసుపు పెట్టబోయే ఇంట్లో చావు మాట ఎత్తావు. ఇంక చాలు."

ఆమె లేచి వచ్చేసింది. పెట్టె అక్కడే ఉండిపోయింది.

ఆ రోజు సాయంత్రం ఇద్దరమ్మాయిల కనుబొమలు ఎగుడుదిగుడుగా తీసింది. ఒకమ్మాయి అద్దంలో చూసుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. బుధవారం పొద్దున పది కాకముందే యల్లమంద ఆటోలో బజారుకి వెళ్లింది. పెళ్లిళ్ల సీజను. కొట్లన్నీ సామాను వీధిలోకి పేర్చి కిటకిటలాడుతున్నాయి. వెంకటసుబ్బయ్యగారి కొట్టు షట్టరు నేల దాకా దించి, రెండు పక్కలా తాళాలు వేసి ఉంది. సగం దించడం రోజూ చూసేదే. పూర్తిగా దించి పగలు తాళం పడటం ఆ బజారు ఎప్పుడో గానీ చూసి ఉండదు. పక్క కొట్టాయనని అడిగితే, పొద్దున్నే కారులో పోయారు, గుంటూరంట, ఏందో చెప్పలా అన్నాడు.

అక్కడితో ఆమె మనసు కుదుటపడుతుందనుకున్నాను. పడలేదు. అప్పటిదాకా తీసుకెళ్లరేమోనని భయం. ఇప్పుడు స్కాన్‌లో ఏమీ ఉండదేమోనని భయం. ఏమీ లేకపోతే, రాట ముందు రోజు పెళ్లింటివాళ్లని ఆసుపత్రి పాలు చేసిన మనిషి తను. ఏదన్నా ఉంటే, అలకనుకుని రెండు వారాలు పోగొట్టిన మనిషీ తనే. ఏమీ లేకుండా ఉండాలి దేవుడా అని మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయేదాన్ని అంది. దేని కోసం ప్రార్థన చెయ్యాలో తేల్చుకోలేకపోయింది. హరితకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. గురువారం ఆ ఇంటి ముందు రాట పడలేదు. శుక్రవారం ఎవరో ఆటో అతను ఆమె ముస్తాబు పెట్టె తెచ్చి మెట్ల దగ్గర పెట్టి వెళ్లాడు. ఏ మాటా చెప్పి పంపలేదు. పెట్టె తిరిగొచ్చిందంటే పెళ్లి పని పోయినట్టే. అది ఆమెకు అర్థమైంది. మనిషి సంగతి మాత్రం ఆ పెట్టె చెప్పలేదు.

ఆదివారం చర్చి నుంచి వస్తుంటే హరిత ఫోన్ చేసింది. తల్లో రక్తం కొద్దికొద్దిగా చేరి మెదడుని నొక్కుతోందట. చిన్న బెజ్జం పెట్టి తీసేశారు. అత్తయ్య మాట్లాడుతోంది, ఎడమచెయ్యి కదుపుతోంది.

"ఇంకో వారం ఆగితే చెప్పలేమన్నారంట ఆంటీ" అంది హరిత. "మావయ్య మాత్రం పెళ్లికి నిన్ను పిలవద్దన్నారు. ఏమనుకోబాక" అంది.

పెళ్లి అనుకున్న ముహూర్తానికే జరిగింది. రాట అయిదు రోజులు ఆలస్యంగా వేరే ఘడియ చూసి వేశారు. పెళ్లికూతుర్ని స్పావాళ్లు ముస్తాబు చేశారు. రమణమ్మ గుండు తల మీద కొంగు కప్పుకుని కుర్చీలో కూర్చునే అన్నీ చూసిందని విన్నాం. బజారు ఆడవాళ్లు కొందరు పార్లరుకి రావడం మానేశారు. కొందరు కొత్తగా వచ్చి, పని ఏమీ చేయించుకోకుండా, మా చేతులు కూడా ఒకసారి చూడు ప్రేమా అని చాపేవాళ్లు. నాకు తెలియదమ్మా, నేను కనుబొమలు తీసేదాన్ని అని పంపించేసేది. పంపించి, వాళ్లు మెట్లు దిగుతుంటే పైనుంచి చెప్పుల వైపే చూస్తూ నిలబడేది.

దసరా వెళ్లిన వారానికి రమణమ్మ వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. ఒక్కతే వచ్చింది. మెట్లకి పట్టుకునే కమ్మీ లేదు. గోడకి చెయ్యి ఆనించి ఒక్కో మెట్టూ ఎక్కింది. తల మీద అంగుళం జుట్టు మొలిచింది. అంతా నెరిసిందే. కుర్చీలో కూర్చుని అద్దంలోకి చూసుకుని, అడవిలా పెరిగినయ్, తియ్ అంది. ఆసుపత్రి ఊసెత్తలేదు. ప్రేమకుమారీ ఎత్తలేదు. దారం తీసి మెలిపెట్టింది.

"మా ఆయన నీ పేరెత్తితే మొహం తిప్పుకుంటాడు" అంది రమణమ్మ. "నేను ఈడికొచ్చినట్టు చెప్పబాక."

"చెప్పనక్కా. గట్టిగా పట్టుకోండి."

రమణమ్మ రెండు చేతులూ ఎత్తింది. కుడిచెయ్యి బొమ పైన, ఎడమచెయ్యి రెప్ప మీద. ఎడమచేతి వేళ్లు కొంచెం వణికాయి. జారలేదు. దారం కదిలింది. రెండు నెలల వెంట్రుకలు, నొప్పి కాలివేళ్ల దాకా పాకి ఉంటుంది. ప్రేమకుమారి తల కొద్దిగా పక్కకి వంచి, అలవాటు ప్రకారం కిందికి చూసింది.

రమణమ్మ పాదాలు కుర్చీ ముందు చాపి ఉన్నాయి. పది వేళ్లూ ముడుచుకున్నాయి, ఎడమకాలివి కూడా.

అలా ముడుచుకుంటే ప్రేమకుమారి వెంటనే దారం వదులు చేసేది. ఇరవై ఏళ్లుగా అదే చేసింది. ఆ రోజు చెయ్యలేదు. ఆ ఎడమకాలి వేళ్ల మీదినుంచి చూపు తియ్యకుండా, అదే బిగువున, బొమ చివరిదాకా తీసింది.